పాత బంగారు గనుల్లోకి దిగవచ్చా? సోనాఖాన్ నుంచి ఒక సమీక్ష

2016 ఫిబ్రవరిలో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం బలౌదాబజార్ జిల్లాలోని బాగ్‌మారా బంగారు గనిని వేలం వేసింది. మన దేశంలో వేలం పద్ధతిలో చేతులు మారిన మొదటి బంగారు గని అదే. విస్తీర్ణం 608 హెక్టార్లు, లోపల 2700 కిలోల బంగారం ఉంటుందని అంచనా. వేదాంత సంస్థ పాట పాడి దక్కించుకుంది. ఆ గుట్టలు ఒకప్పటి సోనాఖాన్ జమీందారీలోవి. కొత్త జిల్లాలు ఏర్పడకముందు అదంతా రాయ్‌పూర్ జిల్లాయే. బంగారం మాట ఇలా ఒక ప్రాంతం పేరుతో ముడిపడి ఊరూరా తిరిగినప్పుడల్లా దాని వెంటే ఇంకో ఆలోచన పుడుతుంది. ప్రభుత్వం, కంపెనీలు కాగితాల మీద కొలుస్తున్న ఆ లోహాన్ని మన పూర్వులు గుంటలు తవ్వి తీసుకున్నారు కదా, ఆ గుంటలు, సొరంగాలు అడవిలో అలాగే ఉన్నాయి కదా, వాటిలోకి దిగి చూస్తే ఏమైనా మిగిలి ఉండదా అన్నదే ఆ ఆలోచన. సోనాఖాన్‌తోనే ఆగిపోయే ఆశ కాదు ఇది. శ్రీ సత్యసాయి జిల్లా రామగిరిలో ఉంది, కర్నూలు వైపు జొన్నగిరిలో ఉంది, నీలగిరుల్లో దేవాలా చుట్టూ ఉంది. ఈ ప్రశ్నకు నా జవాబు ఇది: పాత గని బంగారం జాడ చెప్పగలదు, నిజమే. ఆ జాడను పైనుంచి చదువుకోవాలి. లోపలికి దిగేవాడికి అక్కడ బంగారం దొరికే అవకాశం మిగతా చోట్లకన్నా తక్కువ, ప్రాణం పోయే అవకాశం మిగతా చోట్లకన్నా ఎక్కువ. దిగవద్దని చెప్పి చేతులు దులుపుకోవడం కూడా చాలదు. ఆ గుంటల లెక్క రాయని ప్రభుత్వ యంత్రాంగానికీ ఇందులో బాధ్యత ఉంది.

ముందుగా ఈ నేలలో బంగారం ఉన్న మాట పుకారు కాదని ఒప్పుకోవాలి. మహానది, దాని ఉపనదులైన జోంక్, ఈబ్, బస్తర్ వైపు కోట్రీ నదుల ఇసుకలో బంగారు రేణువులు కడిగి తీసే పని తరతరాలుగా సాగుతోంది. ఆ పనే కులవృత్తిగా ఉన్నవాళ్ళను సోన్‌ఝరా అంటారు. రస్సెల్, హీరాలాల్ 1916లో అచ్చువేసిన సెంట్రల్ ప్రావిన్సెస్ కులాలు, తెగల గ్రంథంలో వాళ్ళకు ప్రత్యేకంగా ఒక అధ్యాయమే ఉంది. మన తెలుగునాట కంసాలి కొట్ల ముందు దుమ్ము ఊడ్చి, కడిగి, బంగారం పొడి తీసే జలగడుగువాళ్ళకు వీళ్ళు దూరపు చుట్టాల్లాంటివారు. పనిలో నేర్పు ఒకటే, వీళ్ళకు కంసాలి కొట్టు బదులు నది దొరికింది. ఇంకా వెనక్కి పోతే, అయిదారు శతాబ్దాల్లో దక్షిణ కోసలను ఏలిన శరభపురీయులు పలుచని బంగారు రేకు మీద ఒక వైపు నుంచి ఒత్తి నాణేలు చేయించారు. ప్రసన్నమాత్రుడి పేరుతో ఉన్నవి అలాంటివే. రతన్‌పూర్ కలచురులు కూడా బంగారు నాణేలు ముద్రించారు. ఆ లోహమంతా ఇక్కడి నదుల్లోదే అని నేను అనను, వర్తకం ద్వారా వచ్చింది కూడా ఉంటుంది. కానీ బంగారానికి ఈ ప్రాంతం కొత్త కాదనడానికి అవి చాలు. అలాగని సోనాఖాన్‌ను బంగారంతోనే గుర్తుపెట్టుకోవడం అన్యాయం. 1856 కరువులో వ్యాపారి గాదెలు తెరిపించి ఆకలిగొన్న జనానికి ధాన్యం పంచిన బింఝ్వార్ జమీందారు వీర నారాయణ్ సింగ్‌ది ఆ ఊరు. ఆయనను 1857 డిసెంబరు 10న రాయ్‌పూర్‌లో, నేటి జయస్తంభ్ చౌక్ దగ్గర ఉరితీశారు. బంగారం పేరు మోసిన నేలలో జనం తిండిగింజలకు అల్లాడారన్న సంగతి, ఈ వ్యాసంలో ముందుముందు మాట్లాడుకునే లాభనష్టాలకు మంచి కొలమానం.

పాత గనులు దారి చూపిస్తాయనే వాదనకు బలమైన సాక్ష్యం ఉంది, దాన్ని తక్కువ చేసి చూపడం నిజాయితీ కాదు. 1802లో మైసూరు సరిహద్దు కొలిచే పనిలో ఉన్న లెఫ్టినెంట్ జాన్ వారెన్, కోలారు పల్లెల్లో జనం మట్టి కడిగి బంగారం తీయడం, మారికుప్పం దగ్గర గుంటల్లోకి దిగి రాయి తేవడం చూసి రాసిపెట్టాడు. అది చదివే 1870ల్లో లావెల్ అనే మాజీ సైనికుడు మైసూరు ప్రభుత్వం నుంచి తవ్వే అనుమతి తెచ్చుకున్నాడు. 1880లో జాన్ టేలర్ కంపెనీ రంగంలోకి దిగింది. మొదటి కొన్నేళ్ళు పెట్టుబడి కరిగిపోవడమే తప్ప బంగారం కనబడలేదు. మైసూరు గని మూసేద్దామా అనుకునే దశలో ప్లమ్మర్ అనే గని అధికారి పాతకాలపు గుంటల అడుగుకంటే కిందికి బావి దింపించాడు, చాంపియన్ లోడ్ అనే ప్రసిద్ధ సిర తగిలింది. ఆ సిరే కోలారు బంగారు గనులను నిలబెట్టింది. 2001 ఫిబ్రవరి 28న మూతపడేదాకా అక్కడ 800 టన్నులకు పైగా బంగారం తీశారు. నిజాం రాజ్యంలో ఉండిన హట్టి కథ కూడా ఇలాంటిదే. అక్కడి పాత తవ్వకాలు దాదాపు 190 మీటర్ల లోతు దాకా పోయాయి. లోపల దొరికిన కొయ్యకు రేడియోకార్బన్ పరీక్ష చేస్తే దాదాపు 2000 ఏళ్ళ నాటిదని తేలింది. రాయిని మంటతో కాల్చి, వేడెక్కాక నీళ్ళు పోసి పగలగొట్టే పద్ధతితో అంత లోతుకు పోయారంటే వాళ్ళ ఓర్పును ఊహించుకోవచ్చు. 1947లో హైదరాబాద్ గోల్డ్ మైన్స్ పేరుతో మొదలై నేటికీ బంగారం తీస్తున్న హట్టి గని ఆ పాత గుంటల మీదే నిలిచింది. రామగిరిలో, జొన్నగిరిలో, చిత్తూరు జిల్లా చిగురుకుంట దగ్గర కూడా ఆధునికులు మొదట వెతికింది పూర్వుల గుంటలనే. దక్షిణ భారతంలో పేరున్న బంగారు గనుల్లో పాత తవ్వకాల జాడ లేనిది దొరకడం కష్టం.

అయితే ఈ సాక్ష్యాన్ని కొంచెం నిదానంగా చదవాలి. ప్లమ్మర్‌కు బంగారం పాత గుంటలో దొరకలేదు, దాని కింద దొరికింది. ఈ తేడాలోనే అసలు విషయమంతా ఉంది. బంగారు సిర నేల మీదికి వచ్చిన చోట, వానకూ గాలికీ పలుగురాయిలోని గంధక ఖనిజాలు కుళ్ళి, రాయి గుల్లబారి, బంగారం విడి రేణువులుగా మిగులుతుంది. రోలు, రోకలి, నీళ్ళు, చెక్క పళ్ళెం ఉన్నవాడికి అందే బంగారం అదే. పూర్వులు దాన్ని పట్టు విడవకుండా తవ్వుకుంటూ పోయారు. భూగర్భ జలం ఎదురైన చోట, లేదా రాయి తాజాగా, గట్టిగా, పైరైట్, ఆర్సెనోపైరైట్ వంటి గంధక ఖనిజాలతో నిండిన చోట ఆగారు. అక్కడినుంచి కిందనున్న బంగారంలో చాలా భాగం ఆ ఖనిజాల పొట్టలో ఇరుక్కుని ఉంటుంది. ఎంత దంచినా, ఎంత కడిగినా రాదు. దాన్ని పెద్ద ఎత్తున విడదీయడం 1887లో స్కాట్లాండ్‌లో సయనైడ్ పద్ధతి కనిపెట్టాకే సాధ్యమైంది. కనుక పాత గుంట అంటే చేతిపనికి లొంగే బంగారమంతా ముందే అయిపోయిన చోటు. అక్కడ మిగిలింది పంపులు, డ్రిల్లులు, మిల్లు, రసాయనశాల ఉన్నవాడికే తప్ప సంచీ, సుత్తి పట్టుకుని పోయినవాడికి పనికిరాదు. పూర్వులు తెలివితక్కువవాళ్ళు, తొందరపడి మంచి రాయి వదిలేసి పోయారు అనే ఊహ మీదే లోపలికి దిగాలన్న కోరిక నిలబడుతుంది. హట్టిలో రాతిని 190 మీటర్లు కాల్చుకుంటూ పోయినవాళ్ళ గురించి అలా అనుకోవడానికి ఆధారం ఏదీ లేదు.

లెక్క వేసి చూద్దాం. కోలారులో తొలినాళ్ళలో టన్ను రాయికి 40 గ్రాములు దాటిన బంగారం చివరికి 3 గ్రాముల దగ్గరికి పడిపోయింది. ఈ రోజుల్లో టన్నుకు 3 గ్రాములంటే కంపెనీలు ఆసక్తి చూపే రాయి. పాత సొరంగంలోంచి ఒక మనిషి 50 కిలోల సంచీ మోసుకొచ్చాడనుకుందాం. అందులో ఉండేది 0.15 గ్రాముల బంగారం. దంచి కడిగితే చేతికి వచ్చేది అందులోనూ కొంతే. 2020 ఫిబ్రవరిలో ఉత్తరప్రదేశ్‌లోని సోన్‌భద్రలో 3000 టన్నుల బంగారం బయటపడిందని దేశమంతా వార్త పాకింది. భూగర్భ సర్వేక్షణ సంస్థ వెంటనే ఖండించింది. అక్కడ అంచనా వేసింది 52,806 టన్నుల ముడి రాయి, టన్నుకు 3.03 గ్రాముల చొప్పున మొత్తం బంగారం 160 కిలోలు మాత్రమే. రాయి ఎంత, అందులో బంగారం ఎంత అన్నది వేరుచేసి చూడకపోతే అంకెలు ఇలాగే తప్పుదారి పట్టిస్తాయి, పాత గనుల కథల వెనుక కూడా ఇలాంటి పొరపాటు ఉండవచ్చు. బాగ్‌మారా అంకెను కూడా సరైన చోట పెట్టి చూడాలి. మన దేశం ఏటా 700 నుంచి 900 టన్నుల బంగారం దిగుమతి చేసుకుంటోంది. 2700 కిలోలు అంటే మహా అయితే ఒకటిన్నర రోజు దిగుమతి. ఇంత పేరు మోసిన గనిలో మొత్తం ఉన్నదే అంతైతే, దాని అంచున ఉన్న పాత గుంటలో మిగిలేది ఎంతో వేరే చెప్పనక్కర్లేదు.

పాత గుంటలు దారి తప్పించిన ఉదాహరణ కూడా మన పక్కనే ఉంది. వయనాడు, నీలగిరుల్లో కురుంబలు, ఇతరులు తవ్వుకున్న గుంటలు కాఫీ తోటల మధ్య విరివిగా కనిపించాయి. 1879లో ఆస్ట్రేలియా అనుభవం ఉన్న బ్రఫ్ స్మిత్‌ను రప్పించి పరిశీలన చేయించారు. ఆయన నివేదిక ఆశాజనకంగా ఉండేసరికి 1880లో లండన్‌లో 30కి పైగా కంపెనీలు పుట్టుకొచ్చాయి, 40 లక్షల పౌండ్లకు పైగా పెట్టుబడి ప్రకటించాయి. దేవాలా, పందలూరు పల్లెలు రాత్రికి రాత్రి పట్టణాలయ్యాయి. పైపొరల్లో గుంటల చుట్టూ టన్నుకు కనబడిన బంగారం పాళ్ళు లోతుకు పోయేసరికి నిలవలేదు. 1882 నాటికే పతనం మొదలైంది. అంటే పాత గుంటల సంఖ్య, సాంద్రత చూసి కింద గొప్ప సిర ఉందని తేల్చుకోలేం. ఆ రాయి ఒకప్పుడు చేతిపనికి గిట్టుబాటైందన్నంతవరకే అవి చెప్తాయి. గుంట ఎంత లోతుకు పోయింది, ఏ దిక్కుకు సాగింది, ఎక్కడ ఆగింది, పక్కన పారేసిన రాతికుప్పలో పలుగురాయి ఎలాంటిది, నూరిన రాళ్ళ గుంతలు ఎన్ని ఉన్నాయి అన్న ప్రశ్నలకు జవాబులు కావాలి. ఈ జవాబుల్లో ఒక్కదానికి కూడా మనిషి సొరంగంలోకి దూరాల్సిన పని లేదు. పారబోసిన కుప్పలోంచి నమూనాలు తీసుకోవచ్చు. సిర దిక్కును ఉపరితలం మీదే కొలవచ్చు. కింద ఏముందో ఏటవాలు డ్రిల్లింగ్ చెబుతుంది. వృత్తిగా బంగారం వెతికే భూగర్భ శాస్త్రజ్ఞుడు పాత గుంటను గౌరవంగా మ్యాపులో ఎక్కిస్తాడు, తలలైటు పెట్టుకుని ఒంటరిగా లోపలికి పాకడు.

ఇక ప్రమాదాల సంగతి. ఇందులో ఎక్కువమంది భయపడేది పైకప్పు కూలుతుందేమోనని, కానీ ముందుగా చంపేది గాలి. గాలి ఆడని సొరంగంలో గంధక ఖనిజాలు, కుళ్ళిన కొయ్య ఆక్సిజన్‌ను తినేస్తూ ఉంటాయి. మిగిలేది నైట్రోజన్, కార్బన్ డయాక్సైడ్ కలిసిన బరువైన గాలి, అది పల్లపు చోట్ల నిలిచిపోతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. మామూలు గాలిలో ఆక్సిజన్ 21 శాతానికి దగ్గరగా ఉంటుంది. అది 10 శాతం కన్నా కిందికి పడిపోయిన చోట అడుగుపెట్టిన మనిషి ఊపిరి ఆడలేదని గ్రహించేలోపే స్పృహ తప్పుతాడు. వెనకాల కాపాడటానికి వచ్చినవాడు కూడా అక్కడే పడిపోతాడు. పాత బావుల్లో పూడిక తీయడానికి దిగి ఒకరి వెంట ఒకరు చనిపోయిన వార్తలు తెలుగు పత్రికలు చదివేవాళ్ళకు కొత్త కాదు, ఇదీ అదే మరణం. పైగా నిన్న మంచి గాలి ఉన్న సొరంగంలో నేడు ఉండాలని లేదు. బయట వాతావరణ పీడనం పడిపోతే లోపలి చెడుగాలి ముఖద్వారం వైపు వస్తుంది, తుపాను ముందు రోజుల్లో అది మరీ ప్రమాదం. రెండోది నీరు. ఛత్తీస్‌గఢ్‌లో వానాకాలం నాలుగు నెలల్లోనే ఏడాది వర్షంలో చాలా భాగం కురుస్తుంది. నానిన లాటరైట్ నేల గుంటల అంచులను లోపలికి లాగేస్తుంది. సొరంగం నేల మీద నిలిచిన మడుగు నిజానికి కిందికి దిగే నిట్టనిలువు గొయ్యి కావచ్చు, మోకాలి లోతు అనుకుని వేసిన అడుగు మళ్ళీ పైకి రాదు. ఆర్సెనోపైరైట్ ఉన్న రాళ్ళ మీదుగా పారిన నీళ్ళలో ఆర్సెనిక్ కలుస్తుంది. రాళ్ళలోని ఆర్సెనిక్ సహజంగా తాగునీటిలోకి చేరితే ఏమవుతుందో అంబాగఢ్ చౌకీ ప్రాంతంలోని కౌడికసా ప్రజలకు తెలుసు. ఆ సంగతిని 1999లోనే శాస్త్రజ్ఞులు ప్రచురించారు. వీటికి తోడు ఈ అడవులకు సొంతమైన ప్రమాదం ఒకటుంది. బర్నవాపారా అభయారణ్యం చుట్టుపక్కల ఎలుగుబంట్లు బండల సందులను, బొరియలను పగటి నివాసాలుగా వాడుకుంటాయి. ఇరుకు సందులో పిల్లలతో ఉన్న ఎలుగుకు ఎదురుపడిన మనిషికి పారిపోయే దారి ఉండదు.

నేర్పున్నవాళ్ళు దిగితే తప్పేమిటి అని కొందరు అడుగుతారు. 2023 నవంబరులో ఉత్తరాఖండ్‌లోని సిల్‌క్యారా సొరంగంలో చిక్కుకున్న 41 మంది కార్మికులను, యంత్రాలు మొరాయించాక, చివరి కొన్ని మీటర్లు చేతులతో తవ్వి బయటికి తెచ్చింది ఎలుక బొరియ తవ్వకాల పనివాళ్ళే కదా అని గుర్తుచేస్తారు. ఆ పనివాళ్ళ సాహసానికి దేశం చేసిన నమస్కారంలో నాదీ ఒకటి. కానీ వాళ్ళు పనిచేసింది ఉక్కు గొట్టంలో, గాలి సరఫరా మధ్య, బయట ఒక పెద్ద యంత్రాంగం కాపలాగా ఉండగా. అదే నేర్పును కాపలా లేకుండా వాడితే ఏమవుతుందో 2018 డిసెంబరు 13న మేఘాలయలోని క్సాన్‌లో చూశాం. గనిలోకి నీరు దూసుకొచ్చి 15 మంది బొగ్గు కార్మికులు చిక్కుకుపోయారు. నౌకాదళ డైవర్లు వారాల తరబడి వెతికినా ప్రాణాలతో ఒక్కరినీ తీసుకురాలేకపోయారు. బంగారం విషయంలో దీనికంటే చేదు ఉదాహరణ దక్షిణాఫ్రికాలోని స్టిల్‌ఫాంటైన్. అక్కడ మూసేసిన గని లోతుల్లో మిగిలిన బంగారం కోసం దిగిన వందల మందిని బయటికి రప్పించడానికి పోలీసులు తిండి, నీళ్ళు అందకుండా అడ్డుకున్నారు. 2025 జనవరిలో న్యాయస్థానం ఆదేశంతో సహాయచర్య మొదలయ్యాక 78 మృతదేహాలు బయటికి వచ్చాయి. నేర్పు ఒక్కటే ప్రాణం కాపాడదు. ఇలాంటి చోట్ల మనిషిని కాపాడేది వెనుక ఉన్న ఏర్పాటు. పాత గని అంటేనే ఆ ఏర్పాటు లేని చోటు.

ఇంకో అభ్యంతరం విదేశాల నుంచి వస్తుంది. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో చిన్న రుసుము కట్టి ఎవరైనా అనుమతిపత్రం తీసుకుని బంగారం వెతుక్కోవచ్చు, అక్కడ అది సెలవురోజు సరదా, మనకే ఎందుకు అడ్డు అంటారు. మంచి ప్రశ్నే. అయితే ఆ అనుమతి చేతి పనిముట్లకు, లోహశోధకాలకు, నేల పైపొరకు సంబంధించింది. వదిలేసిన సొరంగాల్లోకి దూరడానికి అది పాస్ కాదు. అమెరికాలో గని భద్రతా సంస్థ 1999 నుంచి ఏటా పిల్లలను, యాత్రికులను ఉద్దేశించి, బయటే ఉండండి, బతికి ఉండండి అని ప్రచారం చేస్తోంది. అభిరుచిని గౌరవించే దేశాలు కూడా నేల పైని వెతుకులాటను, నేల లోపలి చొరబాటును వేర్వేరుగా చూస్తున్నాయి. మన దేశంలో 1957 నాటి గనులు, ఖనిజాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా అన్వేషణ చేయడమే నేరం. అక్రమ తవ్వకానికి అయిదేళ్ళ దాకా జైలు, హెక్టారుకు 5 లక్షల రూపాయల దాకా జరిమానా ఉన్నాయి. 2023 సవరణతో బంగారంతో సహా లోతున దొరికే ఖనిజాల కోసం ప్రైవేటువారికి అన్వేషణ లైసెన్సులు ఇచ్చే వీలు కలిగింది కానీ, అవీ వేలం ద్వారా కంపెనీలకే. సరదా వెతుకులాటకు మన చట్టంలో చోటే లేదు. నేల పైన, చేతి పనిముట్లతో, హద్దులు గీసి ఒక చిన్న అనుమతి ఇవ్వడంలో తప్పు లేదని నా అభిప్రాయం. అన్నిటినీ ఒకే నేరంగా చూస్తే జనం ఏదీ బయటికి చెప్పరు, చెప్పకపోతే గుంటల జాడ ప్రభుత్వానికి తెలియదు.

అన్నిటికన్నా బరువైన అభ్యంతరం పేదరికానిది. దేవాలా చుట్టుపక్కల, ఆ లండన్ కంపెనీలు వదిలిపోయిన సొరంగాల్లోకి రహస్యంగా దిగే కూలీలు సాహసయాత్రకు పోవడం లేదు. తేయాకు తోటల్లో పని లేని రోజుల్లో కడుపు కోసం పోతున్నారు, కొందరు అక్కడే చనిపోయారు. గరియాబంద్ జిల్లాలోని పాయలీఖండ్, బెహ్రాడీహ్ వజ్రాల నేలల్లో దొంగచాటుగా తవ్వేవాళ్ళదీ చాలావరకు ఇదే పరిస్థితి. వీళ్ళకు ప్రమాదాల పట్టిక చదివి వినిపించడం వల్ల ఉపయోగం లేదు. దిగినవాడికి దక్కేది అతి తక్కువ, సరుకు కొనే దళారికి దక్కేది ఎక్కువ. కేసు పడేది మాత్రం దిగినవాడి మీదే. పైగా రాతి పొడిని పాదరసంతో కలిపి, ఆ ముద్దను ఇంటి పొయ్యి మీద కాల్చి బంగారం వేరుచేస్తే పాదరసపు ఆవిరి ఇంట్లోని పిల్లల ఊపిరితిత్తుల్లోకి పోతుంది. సోన్‌ఝరా కుటుంబాల పని దీనికి పూర్తిగా భిన్నం. వానల తర్వాత నది తెచ్చిన ఇసుకను పళ్ళెంలో తిప్పి కడిగితే నది ఒడ్డు చెడదు, ఎవరూ పూడుకుపోరు, మరుసటి వరద మళ్ళీ ఇసుక తెస్తుంది. చట్టాన్ని అక్షరాలా చదివితే అది కూడా అనుమతి లేని ఖనిజ సేకరణే. సొరంగంలో దిగి చనిపోయే పనిని, నదిలో నిలబడి బతికే పనిని ఒకే గాటన కట్టే చట్టాన్ని సవరించాలి. సోన్‌ఝరాల ఇసుక కడుగుడుకు గుర్తింపు ఇచ్చి, వాళ్ళ సరుకు సరైన ధరకు కొనే ఏర్పాటు చేస్తే, పాత గుంటల వైపు పోయే చేతులు కొన్నయినా తగ్గుతాయి. ఏ వాగులో రేణువు ముతకగా వస్తుందో, ఎక్కడ ఆగిపోతుందో వాళ్ళకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. సిర ఎక్కడ మొదలవుతుందో వెతికేవాళ్ళకు కావలసిన మొదటి సమాచారం అదే.

ఇంతవరకూ దిగేవాళ్ళ గురించి అన్నాను. వదిలేసి పోయేవాళ్ళ సంగతి కూడా చూడాలి. కోలారులో గనులు మూతపడ్డాక ఊరి నడుమ కొండల్లా మిగిలిన సయనైడ్ మట్టి దిబ్బల మీంచి గాలికి లేచే దుమ్ము ఇప్పటికీ జనం ఇళ్ళలో పడుతోంది. రామగిరిలో ఆంగ్లేయుల కాలంలో ఒకసారి, భారత్ గోల్డ్ మైన్స్ కాలంలో మరోసారి తవ్వారు, రెండుసార్లూ మూసి పోయారు. గని మూసేటప్పుడు ఏం చేయాలో ముందే ప్రణాళిక ఇవ్వాలన్న నిబంధన మన దేశంలో 2003లో గానీ రాలేదు. అంతకుముందు వదిలేసిన గనులకు, అందులోనూ వందల ఏళ్ళనాటి గుంటలకు యజమాని అంటూ ఎవరూ లేరు. అవి అటవీశాఖ నేలలో ఉంటాయి, ఖనిజ శాఖ లెక్కలో ఉండవు, పురావస్తు శాఖ చూపు గుడి గోపురాలు దాటి అంత దూరం పోదు. నిజానికి హట్టి గుంటల్లాంటివి లోహవిద్య చరిత్రకు శాసనాలంత విలువైనవి. బ్రిటిష్ పురావస్తువేత్త ఆల్చిన్ 1962లో ప్రాచీన భారత బంగారు తవ్వకాల పద్ధతుల గురించి రాసిన వ్యాసానికి ఇలాంటి గుంటలే ఆధారం. సంచీడు రాయి కోసం సుత్తితో గోడలు కొట్టేవాడు ఆ ఆధారాన్నే చెరిపేస్తున్నాడు. మసి పట్టిన గోడ, విరిగిన కుండపెంకు, బొగ్గు ముక్క ఉన్న చోటు నుంచి కదిలితే వాటి కాలం ఇక తేల్చలేం. మరోవైపు, మట్టి పోసి పూడ్చేస్తే పని అయిపోతుందన్న తొందర కూడా మంచిది కాదు. లోపల గబ్బిలాలు ఉంటే వాటి దారి మూసుకుపోతుంది, చరిత్ర పూడుకుపోతుంది. మనిషి దూరలేని, గబ్బిలం దూరగల ఇనుప కమ్మీల తలుపులు చాలా దేశాల్లో వాడుతున్నారు. వదిలేసిన గనిని మళ్ళీ వాడుకలోకి తేవచ్చని ఛత్తీస్‌గఢ్‌లోనే రుజువైంది. సూరజ్‌పూర్ జిల్లా కేనాపారాలో పాడుబడిన బొగ్గు గని గుంటను చెరువుగా, చేపల పెంపకానికి, పడవ విహారానికి అనువుగా మార్చారు. బొగ్గుకు చేసిన పని బంగారు గుంటలకు అక్షరాలా పనికిరాకపోవచ్చు, కానీ పట్టించుకుంటే దారి దొరుకుతుందని అది చెబుతోంది.

పట్టించుకోవడం రాయ్‌పూర్ నుంచే మొదలుకావచ్చు. 1956లో ఇక్కడ పెట్టిన ప్రభుత్వ గనుల, లోహశాస్త్ర కళాశాలే నేటి ఎన్‌ఐటీ. రాష్ట్ర భూగర్భ, ఖనిజ శాఖ ఇక్కడే ఉంది, భూగర్భ సర్వేక్షణ సంస్థ కార్యాలయం ఇక్కడే ఉంది, రవిశంకర్ శుక్లా విశ్వవిద్యాలయంలో భూగర్భశాస్త్ర విభాగం ఉంది. ఒక్క ఎండాకాలంలో విద్యార్థులను పల్లెలకు పంపి, సోన్‌ఝరాలను, గోండు, బింఝ్వార్ పెద్దలను దారి చూపమని కూలి ఇచ్చి అడిగి, సోనాఖాన్ నుంచి జష్‌పూర్, కాంకేర్ దాకా కనిపించిన ప్రతి పాత గుంటను కొలిచి రాయించడం ఈ నగరానికి అసాధ్యమైన పని కాదు. 2023 చివర్లో కేంద్రం ప్రారంభించిన జాతీయ భూవిజ్ఞాన సమాచార భాండాగారంలో ఆ జాబితా కూడా చేరాలి. జాబితా బయటపెడితే దొంగలకు దారి చూపినట్టవుతుందని అధికారులు అనవచ్చు. చుట్టుపక్కల పల్లెల్లో ప్రతివాడికీ తెలిసిన గుంటను ఫైల్లో దాచడం వల్ల దొంగకు నష్టమేమీ లేదు, కొత్తగా వచ్చిన పశువుల కాపరికి మాత్రం నష్టం. ముందు కంచె, హెచ్చరిక బోర్డు, తర్వాత జాబితా అన్న క్రమం పాటిస్తే ఈ భయానికి జవాబు దొరుకుతుంది. వేలానికి పెట్టే ప్రతి బంగారు క్షేత్రంలో పాత తవ్వకాల పటం, వాటి భద్రతకు, పురావస్తు పరిశీలనకు అయ్యే ఖర్చు వేలం షరతుల్లోనే ఉండాలి. ఖనిజ శాఖ తలుచుకుంటే ఇది తర్వాతి వేలం నుంచే అమలు చేయవచ్చు.

బస్తర్‌లోనో, బర్నవాపారాలోనో, రామగిరి గుట్టల్లోనో తిరిగే తెలుగు పాఠకులకు నా మనవి ఒక్కటే. పాత గని నోరు కనబడితే అంచుకు దూరంగా నిలబడి ఫొటో తీయండి, చోటు గుర్తు పెట్టుకోండి, ఆ ఊరి పంచాయతీకీ జిల్లా ఖనిజ అధికారికీ రాతపూర్వకంగా తెలియజేయండి. లోపలికి మాత్రం దిగకండి, ఎవరైనా దిగి పైకి రాకపోతే వాళ్ళ వెంట అసలే దిగకండి, సహాయక బృందాన్ని పిలవండి.